మూడో అర్ర

ఆ శుక్రవారం ఉదయం బీరప్పకు పనులు మూడే ఉన్నాయి. మట్టితో కట్టిన గదిని ఎండబెట్టాలి. మిర్యాలగూడ వెళ్ళి అక్క దగ్గర ఒక గొంగడి ముక్క తేవాలి. ఆదివారం బస్సుకు పెట్టె సర్దుకోవాలి. సోమవారం సాయంత్రం నాలుగింటికి హైదరాబాదులో చిత్రకళా పాఠశాల తలుపు మూస్తారు. ఆలోగా మూడు గదులు బల్ల మీద ఉండాలి.

గదులంటే మూరెడు పొడవువి. వేసవి సెలవులకు ముందు డ్రాయింగు మాస్టరు ఇచ్చిన పని అది. ఎవరి జ్ఞాపకంలో ఉన్న మూడు గదుల్ని వాళ్ళు కట్టి తేవాలి. అక్కడ ఎవరు బతికారో చెప్పకుండానే చూసినవాడికి తెలియాలి. తెలియకపోతే పరీక్ష తప్పినట్టే. మొదటిది మిర్యాలగూడలో అమ్మమ్మ ఇంటి వడ్ల గది. రెండోది కోదాడలో బడికి పోయే రోజుల్లో తానే అన్నం వండుకున్న కిరాయి గది. ఆ రెండూ చెక్కతో చేసి పెట్టెలో పెట్టాడు. మూడోది సూర్యాపేటలో నాయనమ్మ భద్రమ్మ ఉన్ని వడికిన అర్ర. భద్రమ్మ పోయిన ఏడాదే ఆ అర్ర కూడా వానలకు కూలింది. దాన్ని మట్టితోనే కట్టాలనుకున్నాడు, కట్టాడు.

బీరప్ప తండ్రి ఐలన్న కురుమ పెద్ద. యూనియన్ సైన్యం వచ్చి నైజాం పోయినప్పుడు కూడా ఆయన గొర్రెలు ఒక్క పూట మేత మానలేదు. కొడుకు చదువు మీద ఆయన అభిప్రాయం ఊరందరికీ తెలుసు.

"పట్నం పోయి నేర్చింది బొమ్మరిండ్లు కట్టుడా? ఆడపిల్లలు పైస ఖర్చు లేకుంట కడ్తరు," అన్నాడు సెలవుల మొదట్లో. "గీ పరీక్ష తప్పితే ఇగ కర్ర పట్టు. గొర్లు నిన్ను మార్కులడగవు."

బీరప్ప సరేనన్నాడు. తండ్రి ఆ తరువాత బొమ్మరిళ్ళ వైపు చూడలేదు.

మట్టి గదిని వాకిట్లో పెడితే కోళ్ళు పొడుస్తున్నాయి. అందుకని బీరప్ప దాన్ని గొర్రెల దొడ్డి పక్కన బండ మీద పెట్టాడు. మట్టి గట్టిపడాలని బెల్లపు నీళ్ళు కలిపాడు కాబట్టి చీమలు పట్టాయి. చీమలు రాకుండా చుట్టూ పసుపు చల్లాడు. నేరుగా ఎండ తగిలితే పగులుతుందని పైన వేపమండలు కప్పాడు. గోడలకు ఎర్రమన్ను పూసి సున్నపు చుక్కలు పెట్టాడు, భద్రమ్మ అలాగే పెట్టేది. లోపల గోడలోని దిగూట్లో చింతగింజంత ప్రమిద ఉంచాడు. ప్రతిదానికీ కారణముంది. కారణాలు బీరప్ప దగ్గరున్నాయి. బీరప్ప మిర్యాలగూడ బస్సులో ఉన్నాడు.

ఆ వారం ఊరి గొర్రెలకు గాలికుంటు సోకింది. పక్కింటి దుర్గమ్మ గొర్రెలు రెండు కుంటుతున్నాయి. వాటిని వెతుక్కుంటూ వచ్చిన దుర్గమ్మ బండ ముందు ఆగింది. ఎర్ర గోడలు, సున్నపు చుక్కలు, పసుపు, వేపమండలు, లోపల దీపం. ఊళ్ళో పోచమ్మ గుడి కూడా అంతే ఉంటుంది, కొంచెం పెద్దది.

"ఐలన్నా! ఓ ఐలన్నా! ఉరుకురా!" అని కేక వేసింది. "గొర్లకు రోగమెందుకొచ్చిందో ఇప్పుడెరుకైంది. తల్లి నీ దొడ్డికాడ అర్ర కట్టుకొని కూసున్నది!"

ఐలన్న వచ్చాడు. దూరం నుంచే చూశాడు. అమ్మవారి గుడిలోకి తొంగిచూడటం ఆయన నేర్చుకోలేదు. కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. మధ్యాహ్నానికి కుల పంచాయితీ కూర్చుంది. రోగంతో వచ్చిన తల్లిని ఊళ్ళో ఉంచకూడదు, పొమ్మనకూడదు. మర్యాదగా సాగనంపాలి. పొలిమేర దాకా డప్పులతో తీసుకుపోయి, కడవతో నీళ్ళ సాక పోసి, అక్కడ దించి రావాలి. పక్క ఊరివాళ్ళు చూసుకుని తమ పొలిమేర దాటిస్తారు. ఆ తరువాత ఆ పక్క ఊరు. పెద్దల నాటి నుంచి జరుగుతున్న పద్ధతే.

శనివారం పొద్దున్నే చిన్న బండి కట్టి అర్రను ఎక్కించారు. ఐలన్న ముందు నడిచాడు. పొట్టేలు ఆయనే ఇచ్చాడు.

బీరప్ప మధ్యాహ్నం దిగాడు. చంకలో గొంగడి ముక్క ఉంది. దొడ్డి దగ్గర బండ ఒక్కటే ఉంది.

"నాయినా, బండ మీద నా అర్ర ఏమాయె?"

"ఏం అర్ర?"

"ఎర్రమన్ను అర్ర. ఎండవెట్టి పోయిన గద."

ఐలన్న చుట్ట వెలిగించబోతున్నవాడు ఆగాడు. "సుట్టు పసుపు..."

"చీమలు పట్టినయని నేనే సల్లిన."

"యాపమండలు?"

"ఎండకు పగుల్తదని."

"లోపట దీపం?"

"నాయినమ్మ దిగూట్లె పెట్టేది గద. మర్సినవా?"

అగ్గిపుల్ల ఐలన్న వేళ్ళ దాకా కాలింది. దాన్ని పారేసి వీధి వైపు చూశాడు. దుర్గమ్మ అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళకు తల్లి ఎలా వెలిసిందో చెబుతోంది. పొద్దున చెప్పినప్పుడు లేని గజ్జెల చప్పుడు ఇప్పుడు కథలో చేరింది.

"నాయినా, ఏమాయెనే?"

"మెల్లగ మాట్లాడు. సాగనంపినం."

"ఎవరిని?"

"నీ పరీక్షను."

బీరప్ప బండ మీద కూలబడ్డాడు. ఐలన్న గొంతు తగ్గించి చెప్పాడు. "ఊరంత నా ఎనక డప్పు కొట్టుకుంట నడిసింది. అది నీ బొమ్మరిల్లని తెలిస్తే రేపటినుంచి పంచాయితీల నా మాట ఎవడింటడు? మేకలు గుడ ఇనయి. లే. సప్పుడు చెయ్యకుంట పోయి తెద్దం. చివ్వెంల పొలిమేర్లనే ఉంటది."

తండాలో ఉండే బీక్యాకు ఎడ్లబండి ఉంది. మిగతా రెండు గదులున్న పెట్టెను కూడా బీరప్ప అందులో పెట్టుకున్నాడు. ఎక్కడికని అతడు అడిగితే ఐలన్న, "చుట్టాలింటికి," అన్నాడు. చివ్వెంల పొలిమేరలో వేపాకులు, కొబ్బరి చిప్పలు, చక్రాల గుర్తులు ఉన్నాయి. అర్ర లేదు. పొలంలో ఉన్న ఆడమనిషి తరువాతి ఊరి వైపు చెయ్యి చూపింది.

"తల్లి వచ్చుడు తోనే సాగనంపినం. సూర్యాపేటోళ్ళు తెచ్చి మా నెత్తిన పెట్టిపోయిండ్రు. ఎవడో ఐలన్నట, వాని గొర్లు సల్లగుండ."

"తల్లి ఎట్లున్నది?" అని ఐలన్న అడిగాడు. "గోడలేమన్న పగిలినయా?"

"ఎడమదిక్కు సన్నగ ఇచ్చుకపోయింది. మా ఊరిల పగిలిందంటే మాకు తగుల్తదని మన్ను వెట్టి అలికినం."

"ఏం మన్ను?" అన్నాడు బీరప్ప.

"గా పిల్లగానికేం పని?" అందామె.

బండి కదిలింది. తరువాతి ఊళ్ళోనూ అర్ర లేదు. దాని తరువాతి ఊళ్ళోనూ లేదు. వార్త అర్ర కంటే ముందు పోతోంది. మొదటి ఊరు తల్లిని నడిపించింది. రెండో ఊరు ఎడ్లను కట్టింది. మూడో ఊరు పొలిమేరలో డప్పులతో ముందే నిలబడి, బండి చక్రం ఆగకుండానే అందుకుని పరుగెత్తింది. ప్రతి ఊళ్ళోనూ పగుళ్ళు వెతికి మరీ అలికారు. తమ హద్దులో పెళ్ళ ఊడిందన్న మాట ఎవరికీ అక్కరలేదు.

"ఐలన్నా, నీ చుట్టాలు ఊరూరికి ఉన్నరా?" అన్నాడు బీక్యా.

"బండి తోలు."

"నాకు ఎరుకైంది లే. మీరు ఆ తల్లి ఎనక పోతున్నరు. మా ఎడ్లు పోలేవు. ఆమె మోటరు లెక్క పోతున్నది."

ఆదివారం హైదరాబాదు బస్సు వాళ్ళకు ఎదురై దాటిపోయింది. బీరప్ప ఎక్కవలసిన బస్సు అదే. అతడు దాని వెనక దుమ్ము చూస్తూ కూర్చున్నాడు. ఐలన్న గొంగడి ముక్కను తీసి మడత సరిచేసి మళ్ళీ కొడుకు ఒడిలో పెట్టాడు.

కోదాడకు ఆవల, మద్రాసు రాష్ట్రపు హద్దు దగ్గర కరోడ్‌గిరి నాకా ఉంది. సరుకు దాటాలంటే అక్కడ సుంకం కట్టాలి. ఐలన్న వాళ్ళు చేరేసరికి అర్ర ఆ గేటు దగ్గర ఆగిపోయి ఉంది. కోదాడవాళ్ళు డప్పులు కింద పెట్టి గేటుకు ఇవతల కూర్చున్నారు. ఆంధ్ర వైపు ఊరివాళ్ళు కర్రలు పట్టుకుని అవతల కూర్చున్నారు. బండి గేటు కింద ఉంది.

"మాకొద్దండీ," అంటున్నారు అవతలివాళ్ళు. "మా ఊళ్ళో ఉన్న అమ్మవార్లకే పొట్టేళ్ళు చాలడం లేదు."

"సాగనంపిన తల్లి వెనక్కి రాకూడదండీ," అంటున్నాడు కోదాడ పెద్దమనిషి జనార్దన్. "మీరు తీసుకోకపోతే ఎలా?"

నాకా జమేదారుకు ఇద్దరి గొడవా పట్టలేదు. "సామాన్ దాటాలంటే లోపల ఏమేమున్నదో చెప్పాలె. చెప్పకుంటే గేటు లేవదు. దేవుడైనా సరే, దొరైనా సరే."

లోపలికి చూడటానికి ఎవరూ ముందుకు రాలేదు. తల్లి ఎక్కడ వెలిసిందో ఆ ఊరి పెద్ద వచ్చాడని బీక్యా చెప్పడంతో అందరూ ఐలన్న వైపు తిరిగారు. వెనక్కి తగ్గడానికి చోటు లేదు. ఐలన్న తలపాగా తీసి చంకలో పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న గుమ్మానికి కన్ను ఆనించాడు.

"చెప్పు," అన్నాడు జమేదారు.

"ఒక పొయ్యి."

"ఊఁ."

"ఒక కదురు. పక్కన ఉన్ని గంప. దిగూడు, దిగూట్లె దీపం. దీపం మీద గోడకు పొగ." ఐలన్న మెడ ఇంకాస్త వంచాడు. "ఉత్త దండెం."

"దండెం మీద ఏమున్నది?"

"ఏం లేదు. గొంగడుండాలె. గొర్లకాడ నాకు సలి పెడ్తదని తీసి ఇచ్చేది. అప్పుడు దండెం గిట్లనే ఉత్తగ ఉండేది."

ఐలన్న చాలాసేపు లేవలేదు. లేచాక జమేదారును చూడలేదు, కొడుకును చూశాడు. "బొమ్మరిల్లన్నవు గదా నాయినా" అని బీరప్ప అనలేదు. గొంగడి ముక్క తీసి ముందుకు చాపాడు. ఐలన్న దాన్ని అందుకుని, వేలు పట్టేంత గుమ్మంలోంచి లోపలికి పంపి, దండెం మీద వేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చేతులు జోడించారు.

"ఇనుండ్రి," అన్నాడు ఐలన్న. పంచాయితీలో మాట్లాడే గొంతుతోనే అన్నాడు. "ఇది పోచమ్మ గుడి గాదు. మా అమ్మ భద్రమ్మ అర్ర. పట్నంల పరీక్షకని నా కొడుకు కట్టిండు. నేను సూడక సాగనంపిన. తప్పు నాది. రేపు నాలుగ్గొట్టె వరకు ఇది పట్నంల ఉండాలె. నేను తీస్కపోత."

జనార్దన్ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"విన్నారండీ?" అన్నాడు. "రెండు ఊళ్ళ గండం తన నెత్తిన వేసుకోవడానికి ఎంతటి అబద్ధమాడుతున్నాడో! తల్లి పేరు కూడా చెప్పాడు. ఇంతటి మనిషిని నేను చూడలేదు."

"అబద్ధం గాదయ్యా!"

"చూశారా, ఇంకా ఒప్పుకోడు."

ఐలన్న కొడుకు మీద ఒట్టేశాడు. కొడుకును పణంగా పెట్టాడని ఆడవాళ్ళు ఏడ్చారు. బీరప్ప పెట్టెలోంచి మిగతా రెండు గదులూ తీసి చూపించాడు. తల్లికి చెల్లెళ్ళు కూడా ఉన్నారని అవతలి ఊరివాళ్ళు ఇంకో బారెడు వెనక్కి జరిగారు. నిజం చెప్పడం ఇక అనవసరమని ఐలన్నకు అర్థమైంది.

ఒక్క చిక్కు మిగిలింది. హైదరాబాదు పోవాలంటే అర్ర మళ్ళీ దాటి వచ్చిన ఊళ్ళ మీదుగానే పోవాలి. జనార్దన్ ఆలోచించి తీర్పు చెప్పాడు. పోవచ్చు, కానీ ఏ ఊళ్ళోనూ చక్రం ఆగకూడదు. ఆగితే తల్లి దిగుతుంది. ఆ మాట ఊరూరా చెప్పమని ఆ సాయంత్రమే సూర్యాపేట దాకా ఒక సైకిలును పంపాడు.

సోమవారం తెల్లవారుజామున బస్సు డ్రైవరు యేసయ్య ఈ షరతు విని తల గోక్కున్నాడు. చెయ్యెత్తిన ప్రతివాడి కోసం ఆపడం అతని అలవాటు. కోదాడలో సూర్యుడు లేవకముందు కదిలిన బస్సు హైదరాబాదులో దీపాలు పెట్టాక చేరేది. అందుకే బీరప్ప అప్పటికే ఆశ వదులుకుని ఉన్నాడు.

"యేసయ్యన్నా, నువ్వు భయపడ్తలేవా?" అని అడిగాడు.

"మా ప్రభువుకు మీ తల్లితోటి పంచాయితీ లేదు. నా పంచాయితీ సద్దిమూటతోటి. ఆకుపాములకాడ మా చెల్లె తెచ్చి ఇస్తది. ఆపకుంటే ఎట్ల?"

"ఆపితే ఆడనే దిగుతది తల్లి," అన్నాడు ఐలన్న. "మీ చెల్లెకు ఇష్టమేనా?"

యేసయ్య అర్రను తన పక్క సీటు మీద పెట్టించి, తాడుతో కట్టి, బస్సు కదిలించాడు. జనం ముందు అద్దం చుట్టూ పసుపు పూసి వేపమండలు కట్టారు. కోదాడ బజారు రెండు వైపులా నిలబడి చేతులు ఊపింది.

"పోనీయ్! ఆపొద్దు! పోనీయ్!"

ఆకుపాములలో యేసయ్య చెల్లెలు అన్నం మూటను కిటికీలోంచి విసిరింది. గురి తప్పలేదు. మునగాల దాటారు. ప్రతి పొలిమేరలోనూ డప్పులు మోగాయి. కోళ్ళగంపతో చెయ్యెత్తిన ఒక రైతు చెయ్యిని అతని భార్యే కిందికి లాగింది. బస్సులో నలుగురు సూర్యాపేటలో దిగవలసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు బెల్లు తాడు లాగబోతే మిగతావాళ్ళు చేతులు పట్టుకున్నారు.

సూర్యాపేటలో దుర్గమ్మ రోడ్డు మధ్యకు వచ్చి వేపమండ ఊపుతోంది. బస్సులో ముందు సీటు వెనక ఐలన్నను చూసి పక్కకు తప్పుకుంటూ అరిచింది.

"ఐలన్నా! నువ్వెందుకెక్కినవ్?"

"సాగనంపనీకే!" అని ఐలన్న కిటికీలోంచి అరిచాడు.

"పట్నందాకనా?"

"పట్నందాక!"

డప్పులు ఒక్కసారి ఆగి, రెట్టింపు చప్పుడుతో మొదలయ్యాయి. సూర్యాపేటలో దిగవలసినవాళ్ళు ఆ రోజు హైదరాబాదు చూశారు.

సైకిలు చెప్పిన వార్త సూర్యాపేట దాటలేదు, దాటవలసిన అవసరమూ రాలేదు. వేపమండలు, పసుపు చూసి, చెయ్యెత్తినవాళ్ళు చేతులు దించి దండం పెట్టారు. ఇంజనుకు నీళ్ళు పోయవలసిన చోట ఊరు లేని గుట్టల మధ్య యేసయ్య ఒక్కసారి ఆపాడు. గడియారం చూసుకుని, అది నిలిచిపోయిందనుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది నడుస్తూనే ఉంది.

పాఠశాల తలుపు ఇంకా తెరిచే ఉంది. చౌకీదారు బల్లలు తుడుస్తున్నాడు. బీరప్ప మూడు గదులూ తన పేరున్న బల్ల మీద వరసగా పెట్టాడు. మూడో గదిని అప్పుడు పరీక్షగా చూశాడు. దారిలో పడాల్సిన పగుళ్ళు ఒక్కటీ లేవు. గోడలు ఊరికో రంగు మట్టితో, పొర మీద పొరగా ఉన్నాయి. భద్రమ్మ అర్ర గోడలు ఏళ్ళ తరబడి అలికితే అలాగే ఉండేవి. కట్టేటప్పుడు అతడు ఎంత ప్రయత్నించినా ఆ ఒక్కటే కుదరలేదు.

డ్రాయింగు మాస్టరు, ఇద్దరు పరీక్షకులు బల్లల వెంట వస్తున్నారు. మాస్టరు వడ్ల గదిని చూసి తల ఊపాడు. కిరాయి గదిని చూసి, కిటికీ కొలత సరిపోలేదన్నాడు. మూడోదాని మీదికి వంగబోతుంటే ఐలన్న అడ్డం వచ్చాడు.

"సారూ, జర చెప్పులిడువుండ్రి."

"ఎందుకు?"

"లోపట మనిషున్నది."

మాస్టరు ఐలన్నను చూశాడు. అర్రను చూశాడు. బూట్ల తాళ్ళు విప్పాడు. పరీక్షకులూ విప్పారు. ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు వంగి గుమ్మంలోంచి చూశారు. ఎవరూ తొందరపడలేదు.

"ముసలామె," అన్నాడు మాస్టరు లేచి. "ఉన్ని వడికేది. ఇంట్లో ఎవరికో చలి ఎక్కువ."

"నాకే," అన్నాడు ఐలన్న.

బీరప్ప ఆ ఏడాది తరగతిలో మొదటివాడుగా వచ్చాడు. మూడో అర్రను పాఠశాల హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకుంటామని మాస్టరు అడిగాడు. ఐలన్న ఒప్పుకున్నాడు, రోజూ దుమ్ము దులపాలన్న షరతు మీద.

సూర్యాపేటలో గొర్రెలు అప్పటికి లేచి తిరుగుతున్నాయి. గాలికుంటు వచ్చిన గొర్రెలు చాలావరకు లేస్తాయి. దుర్గమ్మ మాత్రం అరుగు మీద జనాన్ని కూర్చోబెట్టి ఐలన్న కోసం ఎదురుచూసింది.

"తల్లిని ఏడ దించినవ్ ఐలన్నా?"

"పట్నంల పెద్ద బడిల కూసున్నది. అద్దాల గుడి కట్టిండ్రు. సార్లు చెప్పులిడిసి వంగి సూస్తుండ్రు."

"నీ కొడుకు పరీక్ష ఏమాయె?"

"మొదటోడు. ఇగ కర్ర నేనే పట్టుకుంట."

అంతా నిజమే చెప్పాడు కాబట్టి, పంచాయితీలో ఆయన మాటకు ఆ తరువాత ఎదురు లేదు.

తిరుగు ప్రయాణంలో మాత్రం బస్సు ప్రతి చెట్టు దగ్గరా ఆగింది, ప్రతి కోళ్ళగంపనూ ఎక్కించుకుంది, దీపాలు పెట్టి చాలాసేపయ్యాక సూర్యాపేట చేరింది. దిగబోతున్న బీరప్పను యేసయ్య పక్కకు పిలిచి, మళ్ళీ పరీక్ష ఎప్పుడని అడిగాడు.